సొరోరిటీ నిధికి ఇచ్చే డాలరు ఎవరికి చేరుతుంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికా కాలేజీల్లో విద్యార్థినులు నడుపుకునే సంఘాలైన సొరోరిటీల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాం. పార్టీలు, ఆడంబరం అంటూ తేల్చేయకుండా, ఆడపిల్లల చదువుకు ఈ సంఘాలు ఎలా తోడ్పడుతున్నాయో రాసినందుకు కృతజ్ఞతలు. అయితే సొరోరిటీకి ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు దొరుకుతుందని అందులో రాశారు. అది సరికాదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూతురు చేరిన సంఘానికో, తాము ఒకప్పుడు సభ్యులుగా ఉన్న సంఘానికో డబ్బు ఇవ్వాలనుకుంటున్న రోజులివి. కాబట్టి ఈ విషయం వివరంగా రాయడం అవసరమనిపించింది.

సొరోరిటీకి రెండు జేబులుంటాయి. ఒకటి సంఘం. పన్నుల చట్టంలో అది 501(సి)(7) కింద నమోదైన సామాజిక క్లబ్బు, దానికిచ్చే డబ్బుకు మినహాయింపు లేదు. రెండోది అదే పేరుతో నడిచే ఫౌండేషన్. అది 501(సి)(3) కింద వచ్చే ధార్మిక సంస్థ, మినహాయింపు దానికిచ్చే విరాళానికే. పేర్లలో తేడా చివరి ఒక్క మాటే కావడంతో చెక్కు మీద "ఫౌండేషన్" అన్న మాట మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ఫౌండేషన్ డబ్బు చదువుకు, శిక్షణకు, ధార్మిక పనులకే వాడాలి. సభ్యత్వ రుసుము కట్టడానికి సాధారణంగా పనికిరాదు. చాప్టర్ (ఒక్కో కాలేజీలోని సంఘం శాఖ) ఇంట్లో చదువుకునే గది, గ్రంథాలయం, కంప్యూటర్లకు కావలసిన వైరింగ్ వంటి వాటికి ఇవ్వవచ్చు గానీ విందులకూ వినోదాలకూ ఇవ్వకూడదు. పేద పిల్ల సభ్యత్వ రుసుము తాము కడతామని ముందుకొచ్చే దాతలది మంచి మనసే. ఆ డబ్బు సంఘానికి నేరుగా ఇవ్వాలి, మినహాయింపు మీద ఆశ వదులుకోవాలి.

ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే విరాళాల అవసరం అర్థమవుతుంది. 1851లో జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ మహిళా కళాశాలలో మొదలైన అడెల్ఫియన్ సొసైటీయే నేటి ఆల్ఫా డెల్టా పై. ఇండియానాలో నేడు డిపావ్ విశ్వవిద్యాలయంగా పిలిచే కళాశాల 1867లో తొలిసారి అమ్మాయిలను చేర్చుకుంది. తరగతి నిండా అబ్బాయిలే ఉన్న చోట వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఆ అమ్మాయిలు 1870లో కప్పా ఆల్ఫా థీటా పెట్టుకున్నారు. సిరక్యూస్‌లో 1874లో వచ్చిన గామా ఫై బీటా కోసమే, సోదరి అనే లాటిన్ మాట నుంచి "సొరోరిటీ" అన్న పదం తయారైంది. నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా స్థాపించారు. అక్కడే 1913 జనవరిలో పుట్టిన డెల్టా సిగ్మా థీటా సభ్యులు, రెండు నెలలు తిరక్కుండానే వాషింగ్టన్‌లో మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. దక్షిణాసియా అమ్మాయిల కోసం 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కప్పా ఫై గామా వచ్చింది. చాలాచోట్ల ఆ అమ్మాయిలు క్యాంపస్‌లో కొద్దిమందే. ఫీజు కట్టలేక ఒక్కరు మానేసినా మిగతావాళ్లకు ఆ లోటు తెలిసేది. 1869లో అయోవా వెస్లియన్ కళాశాలలో మొదలైన పీ.ఇ.ఓ. ఇప్పుడు క్యాంపస్ సొరోరిటీ కాకపోయినా, 1907లోనే అమ్మాయిల చదువుకు అప్పులిచ్చే నిధి పెట్టింది. ఇతర దేశాల నుంచి పై చదువులకు వచ్చే మహిళల కోసం 1949లో ఇంటర్నేషనల్ పీస్ స్కాలర్‌షిప్ ప్రారంభించింది. మన అమ్మాయిలు దాని గురించి తప్పక తెలుసుకోవాలి.

ఇక అసలు సంగతి. దాత ఇచ్చిన డబ్బు ఖర్చు కాకుండా ఉండిపోవడానికి ప్రధాన కారణం దాత పెట్టిన షరతులే. తల్లి పేరిట శాశ్వత నిధి (అసలు కదపకుండా ఏటా కొంత భాగమే ఖర్చు పెట్టేది) పెడుతూ, ఫలానా చాప్టర్‌లో సభ్యురాలై ఉండాలి, మూడో సంవత్సరం మెకానికల్ ఇంజినీరింగ్ చదవాలి, జీపీఏ (మార్కుల సగటు) 3.8 దాటాలి, ఆర్థిక అవసరం కూడా ఉండాలి అని రాస్తారు. విడివిడిగా చూస్తే అన్నీ న్యాయమైన కోరికలే. నాలుగూ కలిస్తే కొన్నేళ్లు ఒక్క దరఖాస్తూ రాదు. ఆ డబ్బు నిధిలోనే పడి ఉంటుంది, పక్కన ఇద్దరు అర్హులు ఖాళీ చేతులతో వెళ్తారు.

లెక్క కూడా చూడండి. శాశ్వత నిధి నుంచి ఏటా 4 శాతం ఖర్చు పెడతారనుకుంటే 25,000 డాలర్ల మీద వచ్చేది 1,000 డాలర్లే. మార్కెట్ పడి నిధి విలువ అసలు కంటే తగ్గితే, ఆ ఏడు పంపిణీ తగ్గించే ఫౌండేషన్లు, పూర్తిగా ఆపేసేవి కూడా ఉంటాయి. పెన్సిల్వేనియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ 2006 నాటి ఒక మాదిరి చట్టం ఆధారంగా ఈ నిధుల నిర్వహణకు నియమాలు పెట్టుకున్నాయి. ఆ మాదిరి చట్టం ప్రకారం నిధి 25,000 డాలర్ల లోపు ఉండి 20 ఏళ్లు దాటితే, అటార్నీ జనరల్‌కు తెలియజేసి 60 రోజులు ఆగాక, పనికిరాని షరతును ఫౌండేషన్ సడలించవచ్చు. కొన్ని రాష్ట్రాలు ఈ అంకెలు మార్చుకున్నాయి. అంతకంటే పెద్ద నిధి అయితే దాత ఒప్పుకోవాలి, లేదా కోర్టుకు వెళ్లాలి. దాత లేని రోజున ఆయన కూతురిని వెతుక్కుంటూ వెళ్లే పరిస్థితి ఎందుకు? కొత్తగా ఇచ్చేవాళ్లు పదేళ్ల పాటు ఏటా 2,500 డాలర్లు నేరుగా ఖర్చు పెట్టమని ఇస్తే, అదే మొత్తంతో పదిమంది ఫీజులో చెప్పుకోదగ్గ భాగం తీరుతుంది. పేరు శాశ్వతంగా నిలవాలన్న కోరిక మాకూ అర్థమవుతుంది. అయినా చిన్న మొత్తాలకు ఈ పద్ధతే మేలని మా అభిప్రాయం.

స్కాలర్‌షిప్ మంజూరైనంత మాత్రాన డబ్బు అమ్మాయికి మిగిలినట్టు కాదు. కాలేజీ ఏడాది ఖర్చు 30,000 డాలర్లు, కాలేజీ తన వైపు నుంచి ఇస్తున్న సాయం 12,000 అనుకుందాం. బయటి నుంచి 2,000 వచ్చిందని తెలియగానే కాలేజీ తన సాయాన్ని 10,000కు తగ్గించవచ్చు. అప్పుడు లాభం కాలేజీకే, అమ్మాయికి సున్నా. ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోతకు 2017లో మొదట కళ్లెం వేసిన రాష్ట్రం మేరీల్యాండ్. అలాంటి చట్టం లేని చోట్ల జాగ్రత్త అమ్మాయిదే. అంగీకార పత్రం మీద సంతకం పెట్టక ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఫోన్ చేసి, తగ్గించాల్సి వస్తే ముందు అప్పునూ క్యాంపస్ ఉద్యోగపు వాటానూ తగ్గించమని అడగాలి. సమాధానం ఈమెయిల్‌లో తీసుకోవాలి. కుదరదంటే, డబ్బును రెండు సెమిస్టర్లకు విడదీయమనో తర్వాతి ఏడాదికి జరపమనో ఫౌండేషన్‌ను కోరవచ్చు. దాత కూడా ఒప్పంద పత్రంలో ఈ వెసులుబాటు రాయించాలి.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిగ్రీ చదివే విద్యార్థినికి ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాలు, పరికరాలకు వాడిన స్కాలర్‌షిప్ మీద ఆదాయపు పన్ను లేదు. గది అద్దెకు, భోజనానికి వాడిన భాగం మీద ఉంది. పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్‌గా ఉండే ఎఫ్-1 వీసా విద్యార్థినులకు ఆ భాగంలో సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుని 1042-ఎస్ పత్రం ఇస్తారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థినులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. కాబట్టి 1040-ఎన్‌ఆర్ రిటర్న్ దాఖలు చేస్తే పట్టుకున్న డబ్బు చాలావరకు వెనక్కి రావచ్చు. దాఖలు చేయకుండా వదిలేసేవాళ్లను చూస్తే మాకు బాధగా ఉంటుంది.

నాయకత్వ శిక్షణకు డబ్బు ఇచ్చేవాళ్లు తక్కువ. వేదిక మీద చెక్కు అందించే ఫొటో ఉండదు కదా. కానీ ఇరవై ఏళ్ల అమ్మాయి చాప్టర్ కోశాధికారి అయిన రోజు నుంచి ఇంటి అద్దె, వంటవాళ్ల జీతం, బీమా, బకాయి పడిన సభ్యుల వసూళ్లు ఆమె ముందుకు వస్తాయి. ఖాతా సరిచూడటం, ఒక్క సంతకంతో డబ్బు తీయకుండా కట్టడి చేయడం, స్నేహితురాలి దగ్గరే బాకీ అడగడం ఎవరో ఒకరు నేర్పాలి. ఇటువంటి శిబిరాలకు ఫౌండేషన్ గ్రాంటు ఇస్తుంది. కార్యక్రమ పట్టికలో ఎన్ని గంటలు నిజంగా బోధనకు పోయాయో లెక్కగట్టి, ఆ వాటా మేరకే. ప్రయాణ ఖర్చు భరించలేని చిన్న చాప్టర్ల అమ్మాయిలే ఈ శిబిరాలకు రాలేకపోతారు, కనుక విమాన టికెట్టుకు ఇచ్చిన 400 డాలర్లు కూడా విలువైనవే. 2024 డిసెంబరులో చట్టమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ వల్ల, కొత్త సభ్యులను వేధించిన సంఘాల వివరాలతో కాలేజీలు బహిరంగంగా నివేదిక ప్రకటించాలి. కొత్తవాళ్లను గౌరవంగా చేర్చుకోవడం ఎలాగో అధ్యక్షురాలికి నేర్పే శిక్షణ ఇప్పుడు మరీ అవసరం. డబ్బు ఇవ్వదలచిన చాప్టర్ గురించి ఆ నివేదికలో ఏముందో చూడటం దాత బాధ్యత కూడా.

స్నేహాన్ని డబ్బుతో కొనలేం గానీ, డబ్బు లేక స్నేహం తెగిపోకుండా ఆపగలం. కాలేజీ ఖాతాలో 600 డాలర్ల బకాయి ఉన్నా వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. ఇంట్లో మరణం, తండ్రి ఉద్యోగం పోవడం, అగ్నిప్రమాదం ఏదైనా కావచ్చు. ఆ అమ్మాయి మౌనంగా గది ఖాళీ చేసి వెళ్లిపోతుంది, కారణం తోటివాళ్లకు తర్వాతెప్పుడో తెలుస్తుంది. అత్యవసర సహాయ నిధి పని ఇక్కడే. అది పనిచేయాలంటే వారాల్లో కాదు, రోజుల్లో నిర్ణయం రావాలి. దరఖాస్తు ఒక్క పేజీ మించకూడదు. బకాయి రసీదు చాలు, కన్నీటి కథ రాయించకూడదు, ఫొటో అడగకూడదు. డబ్బు వీలైనంత వరకు నేరుగా కాలేజీకే పంపాలి. ఎవరికి ఇవ్వాలో దాత పేరు పెట్టి చెప్పడానికి వీల్లేదు. అలా చెబితే అది ఒక వ్యక్తికిచ్చిన కానుకే అవుతుంది, మినహాయింపు పోతుంది. కూతురి స్నేహితురాలికి సాయం చేయాలనుకుంటే నేరుగా ఇచ్చేయడమే నిజాయితీ.

ఇచ్చే దారుల గురించి నాలుగు మాటలు. ఏడాదికి పైగా దగ్గరున్న, ధర పెరిగిన షేర్లను అమ్మకుండా ఫౌండేషన్‌కే బదిలీ చేస్తే లాభం మీద పన్ను ఉండదు. పన్ను రిటర్న్‌లో ఖర్చులు విడివిడిగా చూపేవాళ్లకు మార్కెట్ విలువ మేరకు, పరిమితికి లోబడి, మినహాయింపు కూడా వస్తుంది. ధర పడిన షేర్లయితే ముందు అమ్మి, నష్టం లెక్కలో చూపించుకుని నగదు ఇవ్వాలి. 70 ఏళ్ల 6 నెలలు నిండినవాళ్లు ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా నుంచి నేరుగా పంపవచ్చు. ఒకసారి తమ చేతికి తీసుకుని ఇస్తే ఆ సౌకర్యం వర్తించదు. ఉద్యోగం చేసే కంపెనీ సమాన విరాళం ఇస్తుందేమో అడగండి, గడువు దాటితే ఆ సొమ్ము పోతుంది. 250 డాలర్లు, ఆపైన ఇస్తే రాతపూర్వక రసీదు తప్పనిసరి. విందు టికెట్టు కొన్నప్పుడు భోజనం విలువ తీసేసిన మొత్తానికే మినహాయింపు.

ఇచ్చే ముందు ఫౌండేషన్ ఏటా పన్ను శాఖకు దాఖలు చేసే లెక్కల పత్రం, ఫారం 990 చూడండి. చివరి మూడేళ్లవి అడిగిన వారికి చూపించాలని నిబంధన ఉంది. గత ఏడాది ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి ఇచ్చారు, ఏ నిధులు ఖర్చు కాకుండా ఉండిపోయాయి అని కూడా అడగండి. మూడో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే ఫౌండేషన్‌ను మేం నమ్ముతాం.

ఒప్పంద పత్రంలో "తప్పనిసరి" అని రాయాలనిపించిన చోట ఇలా రాయించండి: "ఇంజినీరింగ్ చదివే సభ్యురాలికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ ఏడు తగిన దరఖాస్తు రాకపోతే ఏ శాఖలో చదివే అర్హురాలికైనా ఇవ్వవచ్చు. ఇద్దరికి పంచినా, తర్వాతి సెమిస్టర్‌కు జరిపినా దాతకు అభ్యంతరం లేదు."

భవదీయులు,
సొరోరిటీ ఫౌండేషన్ల స్కాలర్‌షిప్ కమిటీల్లో పనిచేస్తున్న తెలుగు మహిళలు