మావా, ముల్లు పెట్టాను!

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నదానికి పరీక్షలయ్యాయి. అంతే. ఇక అసలు సంగతి.

రికార్డు ప్లేయరు కొన్నానురా! టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200జీ. ధర అడక్కు. మీ చెల్లెలికి సగమే చెప్పాను, ఆ సగానికే రెండు రోజులు మజ్జిగన్నం. 18 కిలోలు! మెట్లెక్కించేసరికి మన ద్రాక్షారం సైకిల్ యాత్ర గుర్తొచ్చింది.

ప్లగ్గు పెడితే పాడేస్తుందనుకున్నా. ఎక్కడ! చీమ తలకాయంత స్క్రూలతో ముల్లు బిగించాలి. హెడ్‌షెల్ అనే ఆ ముల్లు తొడిగే తల మొదలు నుంచి ముల్లు కొన దాకా సరిగ్గా 52 మిల్లీమీటర్లుండాలి. ఒక స్క్రూ బీరువా కిందికి దొర్లింది, దాని కథ మళ్ళీ రాస్తా. తర్వాత వెనక ఉన్న బరువు తిప్పుతూ, ముల్లున్న చెయ్యి త్రాసుకాడలా గాల్లో తేలేలా చూడాలి. అక్కడ సున్నా పెట్టుకుని, నా ఆర్టోఫోన్ కంపెనీ ముల్లు రికార్డు మీద 1.8 గ్రాముల బరువు మోపేదాకా తిప్పాలి. బంగారం కొట్టువాడు కూడా ఇంత భయంగా తూచడు.

రికార్డు పెట్టా. గుయ్‌య్‌మని ఒకటే హోరు! అర్ధరాత్రి దాకా విప్పా, బిగించా, మళ్ళీ కొలిచా. ఏడుపొక్కటే తక్కువ. చివరికి చూస్తే ఎర్త్ తీగ యాంప్లిఫయర్‌కి తగిలించకుండా బల్ల వెనక వేలాడుతోంది. పనికిరానిదని నేనే పక్కకి తోశాను. "ఫ్యూజు మాస్టారూ" అన్నావంటే ఊరుకోను.

పొద్దున్నే పక్కింటి డాబా కడుతున్న మేస్త్రీని రసమట్టం అడిగా. గ్రామఫోనుకని తెలిసి తనే పైకొచ్చాడు. బుడగ ఓ పక్కకి పోయింది. "గది కడిగితే నీళ్ళు పోవాలని నేల వాలు పెట్టారండీ" అని, మిషను పాదాలు తిప్పి క్షణంలో మట్టం చేశాడు. నేను పుస్తకం చూసి గంట కొట్టుకున్నాను.

అప్పుడు తీశాను, నాన్న కుక్క బొమ్మ రికార్డు. అదే, రెండో పాటలో గీత పడిందే! ముల్లు అక్కడే తిరుగుతుంటే మనిద్దరం ఆ ఒక్క ముక్కా అరుచుకుంటూ వసారా అంతా గెంతేవాళ్ళం, నాన్న పేపరు మడిచి చూసేవారు. ఆ చోటు వస్తోందని ఊపిరి బిగబట్టా.

ఆగలేదురా. టిక్కుమని దాటేసింది. ఆ తర్వాత లైను ఇన్నేళ్ళకి విన్నాను. బాగుంది. ఎంత బాగుందంటే... ఏమోరా, వెంటనే తీసేశాను. నువ్వొచ్చినప్పుడు ఆ పాత డబ్బా పెట్టె మీద పెట్టి...

మేస్త్రీ "సిమెంటు ఆరిపోద్దండీ" అంటూనే పాట ఆపేదాకా నిలబడి విన్నాడు. ఇప్పుడు మళ్ళీ తలుపు కొడుతున్నాడు, ఈసారి వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ఉంటా.

నీ
బండోడు