దగ్గంటే క్షయ ఒక్కటేనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై వచ్చిన కథనంలో, ఈ జబ్బు బయటపడితే ఏడాది గడవడమే గగనమని రాశారు. మా అక్కకు బయటపడి ఏడేళ్లు దాటింది. ఆమె ఆ కథనాన్ని నాకంటే ముందే చదివి, పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆలస్యమైనా ఈ లేఖ రాయక తప్పలేదు.

ఎన్నాళ్లు బతుకుతారన్నది జబ్బు ఏ దశలో దొరికిందన్న దాని మీద ఎంతో ఆధారపడి ఉంటుంది. అమెరికా లెక్కల్లో, ఊపిరితిత్తి దాటకముందే దొరికినవారిలో నూటికి 60 మందికి పైగా అయిదేళ్లు దాటుతుండగా, దూరపు అవయవాలకు పాకాక దొరికినవారిలో సుమారు 10 మందే దాటుతున్నారు. ముదిరినవారిలోనూ అందరి సంగతీ ఒకటి కాదు: ఏఎల్‌కే అనే జన్యుమార్పు ఉండి లార్లాటినిబ్ మాత్రలు వాడినవారిలో నూటికి 60 మందికి అయిదేళ్లకు కూడా వ్యాధి పెరగలేదని 2024లో ఫలితాలు వెలువడ్డాయి. ఇందులో ఒక్క ముక్కయినా మీ కథనంలో లేదు.

అక్క ఏనాడూ చుట్ట ముట్టలేదు. ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. దగ్గుతో వెళితే, కళ్లె పరీక్షలో క్షయ క్రిములు కనబడకపోయినా, ఎక్స్‌రేలో మచ్చ ఉందని ఆరు నెలలు క్షయ మందులే మింగించారు. బరువు తగ్గిపోతున్నానని ఆమె మొరపెట్టుకున్న ప్రతిసారీ కోర్సు పూర్తి చేయమన్నారు తప్ప, సీటీ స్కాన్ తీయించమన్నవారు లేరు. చివరికి మేమే విశాఖపట్నం తీసుకెళితే గడ్డ బయటపడింది. అప్పటికింకా ఆపరేషన్‌కు వీలుండటం ఆమె అదృష్టం. అదే దగ్గుతో, అవే మందులతో నెలలు గడిపిన మా ఎదురింటి పెద్దాయనకు ఆ అదృష్టం దక్కలేదు.

ఏటా ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, అధికారులు బ్యానర్లు పట్టుకుని నడుస్తారు, పొగ మానమంటారు. తీరంలో ఆడవారు అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం) తాగే మన ప్రాంతంలో ఆ మాట చెప్పవలసిందే. కానీ క్షయ మందులు వాడినా దగ్గు తగ్గనివారిని, కళ్లెలో క్రిములు కనబడనివారిని వెంటనే సీటీకి పంపాలని కింది సిబ్బందికి ఎవరు చెబుతారు? ఏళ్లతరబడి విపరీతంగా పొగ తాగిన 53 వేల మందిపై అమెరికాలో జరిపిన అధ్యయనంలో, ఛాతీ ఎక్స్‌రే తీసినవారికన్నా తక్కువ రేడియేషన్ మోతాదుతో సీటీ తీసినవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లోనే తేలింది. మన దగ్గర ఈనాటికీ ఎక్స్‌రేతోనే సరిపెడుతున్నారు.

బతికినవారి బాధ వేరు. ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు మూడేళ్లు ఆరు నెలలకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి స్కాన్ తీయించుకోవాలి. ప్రతిసారీ తెల్లవారుజామున రైలెక్కాలి, తోడు వెళ్లినవారు కూలి వదులుకోవాలి. ఆ స్కాన్, దాన్ని చదివి చెప్పే వైద్యుడు జిల్లాలోనే దొరికేలా చూడమని ఎన్ని అర్జీలు పెట్టినా జవాబు లేదు.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ జబ్బు బయటపడినవారిలో ఎందరు అయిదేళ్లు దాటారో, వారికి ఏ దశలో దొరికిందో ఆరోగ్య శాఖను అడిగి మీ పత్రికలో ప్రచురించండి. అది రాసేముందు ఒకసారి మా అక్కతో మాట్లాడండి. ఆమె మాట్లాడతానంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా