మా ఫిర్యాదును వినకుండానే మూసివేసినందుకు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మడ్ పాలిమర్‌పై మేము చేసిన ఫిర్యాదును మీ సంస్థ పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

కోనసీమలో మేము తవ్వుతున్న గ్యాస్ బావికి మీరు సరఫరా చేసిన శాంథన్ పాలిమర్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే మడ్ అనే ద్రవాన్ని చిక్కబరిచే పొడి) పనిచేయడం లేదని మీ కస్టమర్ విభాగానికి ఎప్పుడో తెలియజేశాము. సరుకులో లోపం ఏ కంపెనీకైనా వస్తుంది. సంగతి అంతవరకే అయితే ఈ ఉత్తరం మీదాకా వచ్చేది కాదు. డ్రిల్ పైపు బావిలో ఇరుక్కుపోయే పరిస్థితి వచ్చి మేము ఫోన్ చేస్తే, మీ వారిలో ఒక్కరు కూడా మా మాట చివరిదాకా వినలేదు. నా ఫిర్యాదు ముఖ్యంగా దాని మీదే.

మొదట మాట్లాడిన ఆమె బస్తా మీది బ్యాచ్ నంబరు రాసుకుని టెక్నికల్ విభాగానికి కలిపారు. అక్కడి ఉద్యోగి మార్ష్ ఫన్నెల్ (మడ్ కారడానికి పట్టే సమయాన్ని కొలిచే గరాటు) రీడింగ్ ఎంత అని అడిగి, 55 సెకన్లు అని నేను అనగానే, మడ్ బాగానే ఉందని తేల్చేశారు. మంచినీళ్ళకు 26 సెకన్లు చూపే ఆ గరాటు మడ్ చిక్కదనాన్ని పైపైన చెబుతుందే తప్ప, కటింగ్స్‌ను (తవ్వగా వచ్చే రాతి ముక్కలను) మోసుకొచ్చే సత్తువ అందులో ఉందో లేదో చెప్పదు. విస్కోమీటరులో నెమ్మదిగా తిప్పి మడ్ మోసే సత్తువను చూసే 6 ఆర్‌పీఎం రీడింగ్ 5కు పడిపోయిందని, పన్నెండుంపావు అంగుళాల బావికి అది 12కు తగ్గకూడదని నేను వివరిస్తుండగానే, టికెట్ నంబరు మెసేజ్‌లో వస్తుందని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ తరువాత మాట్లాడిన మరొకరికి మొదటి నుంచి అంతా మళ్ళీ చెప్పవలసి వచ్చింది. ఆయన చెప్పిన ఒకే ఒక్క సలహా, పంపు వేగం పెంచమని. మేము అప్పటికే నిమిషానికి 900 గాలన్లు పంపిస్తున్నాము. 5 అంగుళాల పైపు చుట్టూ లెక్కకు నిమిషానికి సుమారు 176 అడుగుల వేగం వస్తుంది. కానీ ఈ బావి నిటారుగా లేదు, 50 డిగ్రీలు వాలి ఉంది. అంత వాలులో పైపు బావి అడుగు గోడకు ఆనుకుని పడుకుంటుంది, మడ్ అంతా పైనున్న ఖాళీ గుండా పరుగెడుతుంది, కింది ఇరుకులో కదలిక సన్నగిల్లి, కాలువ మలుపులో ఇసుక మేట వేసినట్టు కటింగ్స్ మేట వేస్తాయి. పంపు ఆపితే ఆ మేట కిందికి జారుతుంది. ఇంత చెప్పినా ఆయన మళ్ళీ పంపు పెంచమన్నారంటే, ఎదుట పెట్టుకున్న కాగితం చదివారే గాని నా మాట వినలేదనే అర్థం.

ఇక్కడ షేకర్ (మడ్ నుంచి కటింగ్స్‌ను వేరుచేసే జల్లెడ) దగ్గర నిలబడి మేము చూసినది మీరూ తెలుసుకోవాలి. బిట్ (తవ్వే మొన) రాఘవపురం షేల్ అనే రాతి పొరలో దిగుతూనే ఉంది, జల్లెడ మీదికి వచ్చే కటింగ్స్ మాత్రం గంట గంటకూ తగ్గిపోయాయి. వచ్చినవైనా పదునైన అంచులతో కాకుండా, లోపలే పడి నలిగి, గుండ్రంగా అరిగి, చేతికి జిగటగా తగిలాయి. పైపు పైకి లాగినప్పుడు 30 టన్నుల ఓవర్‌పుల్ (పైపు మామూలు బరువుకు మించిన లాగుడు) కనబడింది. మా కుర్రాళ్ళు రాత్రంతా పైపును తిప్పుతూ, మడ్‌ను ఆపకుండా తిప్పుతూ, ఒక్కొక్క స్టాండునే (కలిపి బిగించిన కొన్ని పైపుల జోడింపునే) జాగ్రత్తగా బయటికి తెచ్చారు. అదే రాత్రి మీ కార్యాలయం నుంచి మాకు అందినది, "మీ సమస్య పరిష్కారమైనది, టికెట్ మూసివేయబడినది" అనే మెసేజ్.

ఎవరు పరిష్కరించారు? ఎవరిని అడిగి మూసివేశారు?

తరువాత మడ్ శాంపిల్ పంపమన్నారు, పంపాము. అది చేరలేదన్నారు, కొరియర్ రసీదు చూపిస్తే చేరిందన్నారు, ల్యాబ్ రిపోర్టు అడిగితే బయటివారికి ఇవ్వడం కుదరదన్నారు. డబ్బు చెల్లించి సరుకు కొన్న మేము బయటివారం ఎలా అయ్యామో మీరే చెప్పాలి. మీ ప్రాంతీయ సేల్స్ అధికారి ఆర్డరు కావలసినప్పుడు రిగ్ దాకా వచ్చి మా క్యాంటీన్‌లో భోజనం చేసి వెళ్ళేవారు. ఇప్పుడు నా నంబరు చూస్తే ఫోన్ ఎత్తడం లేదు.

ఇంతకంటే తక్కువ ధరకు ఇస్తామని వేరేవారు వచ్చినప్పుడు కూడా, మీ సరుకు నమ్మకమైనదని మా యాజమాన్యానికి చెప్పి ఒప్పించినవాడిని నేనే. మీ కంపెనీ చిన్నగా ఉన్న రోజుల్లో మీ బస్తాలను మా గోదాములో ముందు వరుసలో పెట్టించాము. ఆ నమ్మకానికి కనీసం ఒక మడ్ ఇంజనీరును రిగ్‌కు పంపే మర్యాద దక్కుతుందని ఆశించాము.

మిగిలిన బస్తాలను మీ ఖర్చుతో వెనక్కు తీసుకుని, ల్యాబ్ రిపోర్టును, ఆ టికెట్ మూసివేసిన కారణాన్ని మీ సంతకంతో లిఖితపూర్వకంగా పంపండి. ఆగిపోయిన రిగ్ సమయానికి పరిహారం సంగతి ఆ తరువాత కూర్చుని మాట్లాడవచ్చు. ఈ లేఖను కూడా ఇంకొక టికెట్‌గా మార్చి పక్కన పెడితే మాత్రం, రోజువారీ మడ్ రిపోర్టులన్నీ జతచేసి ఈ బావి ఆపరేటర్ సంస్థకు పంపుతాను, మీ బిల్లులు నిలిపివేయమని మా అకౌంట్స్ విభాగానికి రాస్తాను, లాయరు నోటీసు కూడా ఇప్పిస్తాను. మా తదుపరి బావి టెండరులో మీ పేరు ఉండాలో వద్దో అభిప్రాయం రాయవలసినవాడిని కూడా నేనే.

ఇట్లు,
రిగ్ ఇన్‌ఛార్జి,
డ్రిల్లింగ్ విభాగం