కత్తెర పడకముందే చూసుకో అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. 3 మీటర్లకి డబ్బులు కట్టి ఇంటికొచ్చి కొలిస్తే 2 మీటర్ల 88 సెంటీమీటర్లే ఉందన్నావు, రెండు చివర్లూ వంకరగా ఉన్నాయి సరిచేస్తే ఇంకో రెండంగుళాలు పోతుందన్నావు, ఆ గుడ్డని ఒకటిన్నర మీటరు చొప్పున రెండు ముక్కలు చేసి క్విల్టు, అదే నువ్వు ముక్కలు అతికి కుట్టే బొంత, దాని వెనకాల వేద్దామనుకుంటే చాలక వేరే రంగు అతుకు వెయ్యాల్సొచ్చిందన్నావు. అదంతా సరే, ఆఖర్న "పోన్లే నాన్నా, 12 సెంటీమీటర్లకి ఏం గొడవ పడతాం" అని నువ్వే తేల్చేశావు చూడూ, అక్కడ నాకు కష్టమేసింది. అప్పుడే చెబుదామంటే నువ్వు ఆర్డర్ల హడావిడిలో ఉన్నావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ఆ 12 సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయో నాకు బాగా తెలుసమ్మా. మీటరు కడ్డీ మీద గుడ్డ పెట్టి కొలిచేటప్పుడు చివర బొటనవేలితో నొక్కి పట్టుకుంటారు కదా, రెండో మీటరు ఆ వేలికి ముందు నించి కాకుండా వేలి వెనక నించి మొదలుపెడితే వేలి వెడల్పు పోతుంది, అది రెండు సెంటీమీటర్లు, ఆఖరి మీటరు కోసేటప్పుడూ వేలి వెనక నించే కోస్తారు. కొలిచేటప్పుడు గుడ్డని కొంచెం బిగలాగితే ఇంకో రెండు. మీటరుకి నాలుగు చొప్పున మూడు మీటర్లకి పన్నెండు, లెక్క సరిగ్గా సరిపోయింది. చెయ్యి ఆడించే స్పీడులో ఎవరికీ కనపడదు, పైగా కొలుస్తూ నిన్ను మాటల్లో పెడతారు, ఇంకేం కావాలమ్మా, ఫాల్ చూపించమంటారా అని, నువ్వు అటు తిరుగుతావు, ఈలోపు కత్తెర పడిపోతుంది.

ఇది నాకెలా తెలుసంటే నాకూ నేర్పారు కాబట్టి. నీకు ఇంతవరకూ చెప్పలేదు. 1986లో చీరాలలో నేను మొదట గుమాస్తాగా చేరిన కొట్లో ఓనరు మొదటి వారంలోనే వేలు ఎలా పెట్టాలో చూపించాడు, ఇంట్లో ఆరుగురం, జీతం నాదొక్కడిదే, చెప్పినట్టు చేశాను. ఒకరోజు ఒకామె ఇద్దరాడపిల్లలకి లంగాలకని పువ్వుల గుడ్డ తీసుకెళ్ళి మర్నాడు పొద్దున్నే బోణీ కాకముందే తిరిగి తెచ్చింది. గొడవ పెట్టలేదు, గొంతు కూడా పెంచలేదు, గుడ్డని బల్ల మీద పరిచి "మాది మగ్గం ఇల్లు బాబూ, పొద్దస్తమానం కొలుచుకుంటూనే ఉంటాం, ఇది నాలుగు మీటర్లు కాదు" అంది అంతే. ఓనరు "ఉతికి తెచ్చావేమో, కాటను కదా కుంచించుకుపోయింది" అన్నాడు. ఉతకలేదని గంజి వాసన చూస్తేనే తెలుస్తోంది, నాకూ తెలుసు ఆయనకీ తెలుసు, నేను నోరు తెరవలేదు. ఆమె గుడ్డ మడత పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మడత పెట్టడం నా కళ్ళ ముందే ఉంది అమ్మలూ.

నాలుగు నెలలకి వేరే కొట్టుకి మారాను, జీతం కాస్త తక్కువైనా మారాను. అక్కడ పెద్దాయన కడ్డీ మీద గుడ్డని వదులుగా పడుకోబెట్టి కొలిచి, మొత్తం అయ్యాక రెండు వేళ్ళు జరిపి కోసేవాడు, అది కొసరు. ఎందుకండీ రోజుకి ఎన్ని వేళ్ళు పోతాయో లెక్కేశారా అని అడిగాను ఒకసారి. "కొసరు మనిష్టం రా, ఇవ్వొచ్చు మానొచ్చు, కొలత మాత్రం వాళ్ళ సొత్తు" అన్నాడు. మిగతా సర్వీసంతా ఆయన దగ్గరే, 29 ఏళ్ళు. అందుకే నువ్వు పోన్లే అంటే నాకు పోన్లే అనిపించదు.

సరే ఇప్పుడు నువ్వేం చెయ్యాలో చెప్తా. గుడ్డ సంగతి కూరగాయల్లాంటిది కాదు, తక్కువైతే ఇంకో రెండు వేసే వీలుండదు, ఒకసారి కోశాక నీకూ కష్టం వాళ్ళకీ కష్టం. కాబట్టి ఏం అడిగినా కత్తెర పడకముందే అడగాలి. "అన్నా ఒక్క నిమిషం, కుట్టుకి ఇంచు తేడా వచ్చినా పాడైపోద్ది, లాగకుండా ఇంకోసారి కొలవండి" అని నవ్వుతూ అడుగు. ఇందులో మొహమాటపడాల్సిందేం లేదు, నిజాయితీగా అమ్మేవాడు ఇలా అడిగితే అస్సలు నొచ్చుకోడు, నేను నొచ్చుకోలేదు ఎప్పుడూ. చిరాకు పడ్డాడంటే ఆ కొట్లో గుడ్డ తాను (చుట్ట) దింపించొద్దు, పక్క కొట్టుకి పో, సికింద్రాబాద్ జనరల్ బజార్లో అయినా హైదరాబాద్ బేగంబజార్లో అయినా కొట్లకి కరువా.

కొలిచే కడ్డీ కూడా చూడు. దాని మీద తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర ఉండాలి, ఏ ఏడాది వేశారో అంకెలు కూడా ఉంటాయి, 2009 చట్టం వచ్చాక కూడా ఇదే పద్ధతి, రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. కొందరు బల్ల అంచుకి మేకులు కొట్టి లేదా పెయింటుతో గీత గీసి అదే మీటరు అంటారు, ఆ గీతకి ముద్రా లేదు ఏమీ లేదు, కడ్డీతో కొలవమను. అలాగే నీ టేపు కూడా చూసుకో. అమ్మ కుట్టు డబ్బాలో ఉన్న పాత గుడ్డ టేపు నువ్వు తీసుకెళ్ళావు గుర్తుందా, అవి వాడగా వాడగా సాగుతాయి, స్టీలు స్కేలు పక్కన పెట్టి ఒకసారి పోల్చు, సాగిన టేపుతో కొలిస్తే ఉన్న గుడ్డ కూడా తక్కువ చూపిస్తుంది, తప్పు లేనివాణ్ణి తప్పు పట్టినవాళ్ళమవుతాం, అది ఇంకా పాపం.

వంకర కోత గురించి. పాప్లిన్, క్యాంబ్రిక్ లాంటి మామూలు నేతయితే కత్తెరతో చిన్న గాటు పెట్టి చింపి ఇమ్మను. చిరుగు పేక పోగు వెంబడే పోతుంది, తిన్నగా వస్తుంది, అంచు ఒక అర ఇంచు నలుగుతుంది అంతే. కత్తెరతో కోస్తే కోసేవాడి చేతిని బట్టి ఇటంచుకీ అటంచుకీ రెండంగుళాల తేడా వస్తుంది, ఆ రెండంగుళాలూ నీ డబ్బే. అందుకే కొలిచేటప్పుడు ఒక అంచు దగ్గరే కాదు రెండంచుల దగ్గరా చూడాలి. ప్రింటు గుడ్డల్లో ఇంకో చిక్కుంది, నేత తిన్నగా ఉన్నా ప్రింటు పక్కకి ఒరిగి పడుతుంది ఒక్కోసారి, గళ్ళూ చారలూ అయితే మరీ, చింపి చూస్తే బయటపడుతుంది, అలాంటి తాను నీ పనికి రాదు ఎంత చవగ్గా ఇచ్చినా.

గజం మీటరు గోల నువ్వు అడిగావు కదా. గజం అంటే 36 అంగుళాలు, మీటరంటే 39.37, మూడంగుళాల పైన తేడా. 1956లోనే మీటర్ల చట్టం వచ్చినా నేను కొట్లో చేరేనాటికి కూడా పెద్దవాళ్ళు గజాల్లోనే అడిగేవాళ్ళు, మేం గజానికి 92 సెంటీమీటర్ల లెక్కన కోసిచ్చేవాళ్ళం. నువ్వు చూసే అమెరికా వాళ్ళ వీడియోల్లో అన్నీ గజాలే, వాళ్ళ ఫ్యాట్ క్వార్టర్ అన్నావే, 18 అంగుళాలకి 22, అది అర గజాన్ని పన్నాలో, అంటే గుడ్డ వెడల్పులో, సగానికి కోసింది. మన దగ్గర అర మీటరుని అలా కోస్తే ఒక ఇంచున్నర ఎక్కువే వస్తుంది నీకు. పావు మీటరు అడిగితే మాత్రం పన్నా మొత్తం పొడుగునా 25 సెంటీమీటర్ల పట్టీ కోసిస్తారు, పెద్ద పువ్వున్న ప్రింటయితే పువ్వు సగానికి తెగిపోతుంది, ముందే ఆలోచించుకో. ఆన్‌లైన్లో అర మీటరు ఒక యూనిట్ అని పెట్టేవాళ్ళ దగ్గర నాలుగు యూనిట్లు పెడితే 2 మీటర్లు ఒకే ముక్కగా వస్తుందా నాలుగు ముక్కలొస్తాయా అని ముందే మెసేజ్ పెట్టి అడుగు, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకో.

పన్నా కూడా కొలతే, దాన్నెవరూ చూడరు. 44 అంగుళాలు అని చెప్తారు, అందులో రెండంచులూ పోతే నీకు పనికొచ్చేది 42, 43. చేనేత అయితే తానుకీ తానుకీ ఒక ఇంచు అటూ ఇటూ ఉంటుంది, అది మోసం కాదు మగ్గం పద్ధతే అంత. తాను ఆఖరి ముక్క ఇస్తుంటే ఊరికే తీసుకోకు, విప్పి వెలుగులో చూడు, వాకిట్లోకి తీసుకెళ్ళి చూస్తానని అడుగు, ట్యూబులైటు కింద ఎరుపు ఒక రకంగా కనపడుతుంది ఎండలో ఇంకో రకంగా కనపడుతుంది. మిల్లు తానుల్లో అంచుకి రంగు దారం ముడి కనిపిస్తే దాని సూటిన నేతలో ఏదో లోపం ఉందని మిల్లు వాళ్ళే పెట్టిన గుర్తు, అక్కడ కోసిస్తుంటే ఆ మేరకు వదిలేసి కొలవమను, అది న్యాయంగా నీకు రావాల్సిందే.

ఎరుపు రంగు వెలిసి తెల్లదానికి పట్టిందన్నావు పోయిన నెల. కొనేటప్పుడే తడి తెల్ల జేబురుమాలు పెట్టి గట్టిగా రుద్ది చూడు. కలంకారీ అయితే పెడన సరుకా కాదా అని అడుగు, నిజమైన అద్దకం గుడ్డని కరక్కాయలో ముంచి, అద్ది, ఉడకబెట్టి, మళ్ళీ మళ్ళీ ఉతికి ఆరేస్తారు, ఆ నీళ్ళన్నీ తాగి వచ్చిన గుడ్డ కాబట్టి ఇంట్లో ఉతికినప్పుడు పెద్దగా కుంచించుకోదు. వట్టి కలంకారీ డిజైను మిల్లు ప్రింటయితే మామూలు కాటన్ లాగే లెక్క, నూటికి ఐదు చొప్పున ఎక్కువ తీసుకో, 3 మీటర్లు కావాలంటే 3 మీటర్ల 15 సెంటీమీటర్లన్నమాట. కాటనా కాదా అని అనుమానమొస్తే ఒక పోగు లాగి వెలిగించు, కాగితం కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ళ మధ్య నలిగితే కాటను, కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టరు కలిసింది.

కేజీల లెక్కన అమ్మే కట్ పీసుల గురించి అడిగావు, మంచిదే, కానీ లెక్క తెలుసుకుని కొను. 44 అంగుళాల పన్నా, 100 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 100 గ్రాములు) గుడ్డ మీటరు 112 గ్రాములు తూగుతుంది, అంటే కేజీకి దాదాపు 9 మీటర్లు. దళసరి డ్రిల్లు గుడ్డలు కలిపేస్తే అందులో సగం కూడా రాదు. పలచటివీ దళసరివీ వేరుగా తూయించు.

ఇంకొకటి, ఇది కౌంటరు అవతలి మనిషిగా చెప్తున్నా, విను. నువ్వు పదిహేను తాన్లు దింపించి ఒక్కోదాంట్లో పావు మీటరు అడిగితే వాళ్ళకీ ఒళ్ళు మండుతుంది, ఆ తాన్లన్నీ మళ్ళీ చుట్టి పైకెక్కించేది పన్నెండు వేల జీతగాడు, పొద్దున్నించి కూచోకుండా నిలబడి ఉంటాడు. దసరా ముందు, సంక్రాంతి ముందు, శనివారం సాయంత్రం ఈ పని మీద పోవద్దు. మామూలు రోజున పదకొండింటికి పో, బోణీ అయ్యి కాస్త ఖాళీగా ఉంటారు. వెళ్ళగానే "అన్నా నాకు చిన్న ముక్కలు చాలా రంగుల్లో కావాలి, పావు మీటరు కోస్తారా, లేకపోతే అర మీటరే అంటారా" అని ముందే చెప్పు. పావు మీటరు కొయ్యం అంటే నొచ్చుకోకు, కొట్టు కట్టుబాటు వాళ్ళిష్టం, తెగిన ముక్కలేమన్నా ఉన్నాయా అని అడుగు, వాటిని కూడా కొలిపించి తీసుకో. ఒకే కొట్టుకి నాలుగుసార్లు వెళితే కొలిచే అబ్బాయికి నీ పని ఏంటో తెలుస్తుంది, చేసిన క్విల్టు ఫోటో ఒకటి చూపించు, ఈసారి మంచి తాను రాగానే పక్కన పెట్టి నీకు ఫోన్ చేస్తాడు చూడు. మంచి సర్వీసంటే టీ ఇప్పించడం కాదు, "అమ్మా ఇది రంగు పోద్ది, పాపకి వద్దు" అని అమ్మకం పోగొట్టుకుని మరీ చెప్పేవాడుంటాడే, అతన్ని వదులుకోవద్దు.

ఇక ఇప్పుడు తక్కువొచ్చిన ఈ 3 మీటర్ల ఎర్ర గుడ్డ సంగతి. బిల్లుందన్నావు కదా, అందులో 3 మీటర్లని రాసుందో లేదో చూడు. ముక్కలు కొయ్యకముందు తీసిన ఫోటో ఉందన్నావు, అదీ పట్టుకుని వెళ్ళు, అరవకు, ఓనరుతోనే మాట్లాడు. కోసిన గుడ్డని వాపసు తీసుకోమని అడగొద్దు, తక్కువొచ్చిన 12 సెంటీమీటర్ల డబ్బులు అడుగు, ఎంత చిన్న మొత్తమైనా అడుగు. ఆయన నవ్వి పంపేస్తే 1915కి ఫోన్ చెయ్యి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, లేదా తూనికలు కొలతల శాఖకి రాద్దాం, నేను రాసిపెడతా. ఇకనించి మాత్రం గుడ్డ తేగానే తడపకముందే కొలువు, నీళ్ళు తగిలాక ఎవరికీ ఏమీ చెప్పలేం.

వచ్చే గురువారం కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా, శుక్రవారం పొద్దున ఇద్దరం కలిసి ఆ కొట్టుకెళ్దాం, మాట్లాడేది నువ్వే, నేను పక్కన నిలబడతా అంతే. అమ్మ నీకని పచ్చళ్ళ సీసాలు సర్దుతోంది. నానమ్మవి పాత నేత చీరలు రెండు పెట్టెలోంచి తీసింది, ఆవిడ బొంతకని దాచుకున్నవి, బాగా ఉతికి మెత్తబడ్డాయి, ఇంక కుంచించుకునేదేం లేదు, రంగు పోయేదీ లేదు. నీకు వెనక గుడ్డ తక్కువైన చోట కలుస్తాయేమో చూడు. ఒకటి నేరేడుపండు రంగు, ఒకటి గంధం రంగు. పన్నా 46 అంగుళాలుంది, పొడుగు ఐదు మీటర్ల 40, రెండు చివర్లా చిరుగులు వదిలేసి కొలిచా, లాగకుండా.

నాన్న