విమానంలో ఫిల్మ్ తీసుకెళ్లేవాళ్లకి

అందరికీ నమస్కారం. కడగని (ఇంకా డెవలప్ చేయని) కెమెరా ఫిల్మ్‌ని చెక్-ఇన్ బ్యాగులో అస్సలు పెట్టకండి. ఆ సామానుకి వాడే ఎక్స్‌రే చాలా బలమైనది, ఒక్కసారికే ఫిల్మ్ మసకబారుతుంది.

చేతి సామానుకి పాత రకం ఎక్స్‌రే మెషీన్ అయితే ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుగుకి ఎంత చురుకో చెప్పే అంకె) 400 వరకు ఒకటి రెండు సార్లకి భయం లేదు. కానీ ప్రభావం ప్రతిసారీ పోగవుతుంది, రెండు మూడు విమానాలు మారేవాళ్లు లెక్క పెట్టుకోండి. ఇప్పుడు చాలాచోట్ల చేతి సామానుకి సీటీ స్కానర్లు (సామానుని అన్ని వైపుల నుంచీ చూసే, మరింత బలమైన ఎక్స్‌రే మెషీన్లు) వచ్చాయి. వాటిలోంచి ఐఎస్ఓ 100 రోల్ కూడా వెళ్లకూడదు. నీడలు బూడిద రంగుకి తిరుగుతాయి, గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రవ్వలు) పెరుగుతుంది, ఒక్కోసారి అలల్లాంటి చారలు పడతాయి. ప్రింటింగ్‌లో అది పూర్తిగా పోదు.

అందుకే రోల్స్‌ని అట్టపెట్టెల్లోంచి తీసి, పారదర్శకమైన జిప్ కవర్లో వేసి, బ్యాగ్ బెల్ట్ మీద పెట్టకముందే చేత్తో చూడమని భద్రతా సిబ్బందిని మర్యాదగా అడగండి. ఒప్పుకోవడం వాళ్ల ఇష్టం, కాబట్టి కాస్త ముందుగా వెళ్లండి. కెమెరాలో సగం వాడిన రోల్ ఉంటే ముందే చుట్టి తీసేయండి, లేదంటే కెమెరా తెరవమనొచ్చు. ఎక్స్‌రేని అడ్డుకోవడానికి వాడే సీసపు సంచీని నమ్ముకోవద్దు: లోపల ఏముందో కనిపించక మళ్లీ స్కాన్ చేస్తారు. ఇన్‌స్టంట్ ఫిల్మ్‌కీ ఇదే జాగ్రత్త. కడిగిన నెగెటివ్‌లకి ఏ ఇబ్బందీ లేదు.