ట్రైలర్ కట్టుకుని వెళ్లే పిల్లలను ‘ఎంతవరకు వచ్చారు’ అని అడగకండి

సంపాదకులకు,

అయ్యా,

చలికాలం వచ్చిందంటే అమెరికాలో మన పిల్లల కారు ప్రమాదాల వార్తలు మీ పత్రికలో తరచుగా కనిపిస్తాయి. ఏ ఊరి అబ్బాయి, ఏం చదివాడు, తండ్రి ఏం చేస్తారు, అన్నీ రాస్తారు. బండి ఎందుకు జారిందో మాత్రం ‘మంచు కారణంగా’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. నేను 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ని. అందులో పదకొండేళ్లు రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, మారేడుమిల్లి ఘాట్ మీద. మంచు సంగతి నాకు బాగా తెలుసనుకునేవాణ్ని. మొన్న జనవరిలో కారు వెనుక ట్రైలర్ తగిలించుకుని సెయింట్ లూయిస్ నుంచి డాలస్ వెళ్లాక, నాకు తెలిసింది పొగమంచు ఒక్కటేనని తేలింది.

మా అబ్బాయికి డిసెంబరులో ఎమ్మెస్ పట్టా ఇచ్చారు. ఆ వేడుకకే మేమిద్దరం వెళ్లాం. జనవరిలో డాలస్ దగ్గర ఉద్యోగంలో చేరాలి. మన పిల్లలు చాలామంది చేసే పనే వాడూ చేశాడు: సామాను లారీకి డబ్బు దండగని చిన్న ట్రైలర్ అద్దెకు తెచ్చాడు. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న డబ్బా. ఖాళీగా 900 పౌండ్లు, సామానుతో కలిపి 2,700 దాటకూడదు. వాడి కారు అంత బరువు లాగగలదో లేదో కారు పుస్తకంలో ముందే చూసుకున్నాడు, అంతవరకు మెచ్చుకోవాలి. చాలా సెడాన్ కార్లు వెయ్యి పౌండ్లకు మించి లాగలేవు. కారు వెనుక ట్రైలర్ తగిలించే కొక్కెం బిగించారు కదా అని ఏదైనా లాగవచ్చనుకునే పిల్లలూ ఉన్నారు.

వచ్చిన చిక్కు సామాను సర్దడంలో. వాడూ, ఇద్దరు స్నేహితులూ కలిసి పరుపులు, బట్టల పెట్టెలు ముందు తోసేశారు. పుస్తకాల అట్టపెట్టెలు, రెండు బియ్యం బస్తాలు, మా ఆవిడ పట్టుబట్టి కొనిపించిన గ్రైండరు తలుపు దగ్గర పెట్టారు. దించేటప్పుడు సుఖమట. మా నాన్న ఎడ్లబండి తోలేవారు. వెనుక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు ఉరి పడుతుంది, ముందు బరువెక్కితే మెడలు కుంగిపోతాయి. అందుకే బస్తాలు వేస్తూ మధ్య మధ్య కాడి కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసేవారు. ఈ డబ్బాకూ అదే లెక్క: బరువులో నూటికి అరవై వంతులు ముందు సగంలో ఉండాలి, మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద ఆనాలి. వెనుక బరువైతే ట్రైలర్ తోక ఊపుతుంది, దాంతోపాటు కారూ ఊగుతుంది. సున్నాకు ఎనిమిది డిగ్రీల కింద చలిలో మొత్తం దింపించి మళ్లీ ఎక్కించాను. ‘అంకుల్, ఇది ఎడ్లబండి కాదు’ అన్నాడు ఒక కుర్రాడు, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ. నేనేమీ అనలేదు. గ్రైండరు వాడి చేతే మోయించాను.

ఇక కొక్కెం గుండు (దాని మీదే ట్రైలర్ ముక్కు కూర్చుంటుంది) సైజు సరిపోయిందా, గొలుసులు రెండూ కింద అడ్డంగా ఒకదానిమీదొకటి దాటించారా (కొక్కెం ఊడితే ట్రైలర్ ముక్కు నేలకు తగలకుండా వాటి మీద పడుతుంది), వెనుక దీపాలు వెలుగుతున్నాయా అన్నవి పది నిమిషాల పని. టైర్లలో గాలి మాత్రం పొద్దున్నే చూడాలి. పది ఫారెన్‌హీట్ డిగ్రీల చలి పెరిగితే టైరులో గాలి ఒత్తిడి ఒక పౌండు తగ్గుతుంది. కారు టైర్లయితే గాలి తగ్గిందని దీపం వెలుగుతుంది, అద్దె ట్రైలర్ టైర్ల గొడవ ఎవరికీ పట్టదు.

ఫోనులో దారి చూస్తే 630 మైళ్లు, పది గంటలు అని చూపించింది. అది ఒంటి కారుకు వేసిన లెక్క. ట్రైలర్ మీద 55 మైళ్ల వేగం దాటవద్దని రాసి ఉంది. అంటే చక్రం ఆగకుండా తిరిగినా పదకొండున్నర గంటలు. పెట్రోలు మామూలుకంటే ముందే అయిపోతుంది, ఆ ఆగుళ్లు వేరే. సంక్రాంతి రోజుల్లో అక్కడ పగలు పది గంటలు కూడా ఉండదు, సాయంత్రం ఐదింటికే చీకటి. ఒక్క రోజులో వెలుగుండగా చేరడం కుదరని పని. రెండు రోజులు అనుకున్నాం. నేను నాలుగు అన్నాను. మా ఆవిడ భోగినాడు కొత్త ఇంట్లో పాలు పొంగించాలంది. ఆమె మాటే నెగ్గింది. ట్రైలరూ రెండు రోజులకే అద్దెకు తీసుకున్నారు.

బయలుదేరాక రోలా అనే ఊరి వరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక దిగుడులో వాడు చూసుకోకుండా వేగం 65కు పోయింది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోగానే అద్దంలో మా డబ్బా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వాలింది. వాడి కాలు బ్రేకు మీదికి పోతోంది. ‘బ్రేకు ముట్టుకోకు. స్టీరింగు తిప్పకు. యాక్సిలరేటరు మీది కాలు తీసెయ్, అంతే’ అన్నాను. నాలుగు ఊపులు ఊగి సర్దుకుంది. సామాను మొదట్లోలా ఉండి ఉంటే సర్దుకునేది కాదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ దాటాక సన్నగా చినుకులు మొదలయ్యాయి. వాన కదా, దక్షిణాదికి వెళ్తున్నాం, ఇక మంచు బాధ తప్పిందని వాడు సంబరపడ్డాడు. నా కళ్లు ముందు వెళ్తున్న లారీ చక్రాల మీద ఉన్నాయి. రోడ్డు తడిసి మెరుస్తోంది, కానీ ఆ చక్రాల వెనుక నీటి తుంపర లేవడం లేదు. అద్దం తుడిచే వైపరు కొసకు తెల్లగా గడ్డ పేరుకుంటోంది. అంటే కింద ఉన్నది నీళ్లు కాదు. ‘ఎక్కడ దిగే దారి ఉంటే అక్కడ దిగిపో’ అన్నాను. కాలు తీసినా బండిని ఒకే వేగంతో నడిపే క్రూయిజ్ కంట్రోల్ ముందే తీసేయించాను, జారే రోడ్డు మీద దాన్ని పెట్టుకోకూడదు.

ఇదే మన పత్రికల్లో ‘మంచు తుఫాను’ అన్న మాటలో కలిసిపోతోంది. ఉత్తరాన పడే తెల్లటి మంచు కంటికి కనిపిస్తుంది, జనం జాగ్రత్తపడతారు, ఉప్పు చల్లుతారు. మిస్సోరీ దక్షిణ భాగం, ఓక్లహోమా, ఉత్తర టెక్సస్‌లో వచ్చేది వేరు. పైన గాలి వెచ్చగా, నేల దగ్గర గడ్డకట్టే చలి. వాన వానగానే పడి, తగిలిన చోట గాజు పూతలా బిగుస్తుంది. వంతెనలకు పైనా కిందా చలిగాలే కాబట్టి అవి ముందు గడ్డకడతాయి. 2021 ఫిబ్రవరి 11న టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ దగ్గర పొద్దున్నే 130కి పైగా బండ్లు ఒకదానిలోకి ఒకటి దూసుకుపోయి ఆరుగురు చనిపోయింది ఇలాంటి వానలోనే. డాలస్ వెచ్చగా ఉంటుందని బయలుదేరేవాళ్లకు ఈ మధ్య దారి సంగతి ఎవరూ చెప్పరు.

దిగిన చోట ఒక గుజరాతీ కుటుంబం నడిపే మోటెల్ దొరికింది. అక్కడ ట్రైలర్ వెనక్కి పెట్టాల్సి వచ్చింది. మా వాడు అరగంట తంటాలుపడ్డాడు. పొట్టి ట్రైలర్ పొడుగు దానికంటే మొండిది, ఇట్టే అడ్డం తిరుగుతుంది. నాకు అక్కడ నడిపే అనుమతి లేదు కాబట్టి కిందికి దిగి చెప్పాను: ‘చెయ్యి స్టీరింగు కింది భాగంలో పెట్టు. డబ్బా ఎటు పోవాలో చేతిని అటు జరుపు.’ మన ట్రాక్టరు తోలే ప్రతి కుర్రాడికీ తెలిసిన విద్యే, కానీ అమెరికాలో చదువుకున్నవాడికి తండ్రి చెప్పిన ముక్క ఒకటి పనికొచ్చిందని వాడు ఒప్పుకున్నది అప్పుడే.

రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. భోగినాడు మధ్యాహ్నానికి ఎండ కాసింది. బయలుదేరి తుల్సాలో ఆగి, సంక్రాంతి సాయంత్రానికి డాలస్ చేరాం. ట్రైలర్‌కు రెండు రోజుల అదనపు అద్దె పడింది. మోటెల్ గదిలో మైక్రోవేవులో పెట్టిన పాలు భోగి పొద్దున్న పొంగి ప్లేటంతా పారాయి. ముహూర్తానికి పని అయిపోయిందన్నాను. మా ఆవిడ నవ్వలేదు.

ఇన్నీ జరిగాయి కానీ నాకు ఎక్కువ భయం వేసింది రోడ్డును చూసి కాదు, ఫోనును చూసి. చలికాలంలో అక్కడికీ మనకీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ ఆరింటికి లేచి కాఫీ తాగుతూ ‘ఎంతవరకు వచ్చారు’ అని మనం ఫోను చేసేసరికి అక్కడ సాయంత్రం ఆరున్నర, చీకట్లో వాడి చేయి స్టీరింగు మీద ఉంటుంది. దారి చూపించేదీ ఆ ఫోనే. బావగారి ఫోను వస్తే మలుపు మాయమైపోతుంది. తుల్సా ముందు మాకు అలాగే ఒక మలుపు తప్పింది. తప్పిన దారిలో ట్రైలర్‌తో వెనక్కి తిరగడం అంత తేలిక కాదు. ‘ఇంకా అక్కడే ఉన్నారా? ముహూర్తం దాటిపోదూ?’ అని ఇక్కడివాళ్లు అడిగిన ప్రతిసారీ వాడు గదిలోంచి బయటికి వెళ్లి రోడ్డు చూసి వచ్చేవాడు. నేను డిపోలో ఉండగా తుఫాను హెచ్చరిక వస్తే బస్సులు ఆపేవారు. ప్రయాణికులు తిట్టేవారు. తిట్లు పడేవాళ్లం, బస్సు తీసేవాళ్లం కాదు. ఆ కుర్రాడికి అలా అడ్డం నిలబడే డిపో లేదు.

మీకు నా మనవి ఒక్కటే. ఈసారి అలాంటి వార్త వచ్చినప్పుడు తెల్లమంచా, గడ్డకట్టిన వానా, వెనుక ట్రైలర్ ఉందా, ఏ వేళ జరిగింది అన్నవి కూడా తెలిసినంత మేరకు రాయించండి. మీ పత్రిక చదివేది ఆ పిల్లలు కాకపోవచ్చు, ఇక్కడి నుంచి ఫోను చేసేవాళ్లు చదువుతారు.

మా తమ్ముడి కొడుకు వచ్చే జనవరిలో ఒహాయో నుంచి టెక్సస్‌కు ఇలాగే సామాను కట్టుకుని మారుతున్నాడు. ట్రైలర్ ఆరు రోజులకు అద్దెకు తీసుకోమన్నాను. బయలుదేరే తేదీ మా తమ్ముడికి చెప్పాడు. చేరే తేదీ అడగవద్దని తమ్ముడికి నేను చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
తణుకు