దాత రక్తం లేకుండా పసిపిల్లల గుండె ఆపరేషన్: ఆరోగ్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

పసిపిల్లల గుండె ఆపరేషన్ల గురించి సోమవారం గ్రీవెన్సులో మేమిచ్చిన అర్జీలు "పరిష్కరించబడ్డాయి" అని ఫోన్లకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. అందుకే మీకే రాస్తున్నాం.

ఉదయగిరి నుంచో సింగరాయకొండ నుంచో బిడ్డనెత్తుకుని గుండె ఆపరేషన్‌కు తిరుపతికో చెన్నైకో వెళ్లినవాళ్లు ఊరుకాని ఊళ్లో దాతల కోసం తిరగాల్సి వస్తోంది. పసిబిడ్డకు ఎక్కువ రోజులు నిల్వ ఉన్న రక్తం అంత మంచిది కాదు, అందులో పొటాషియం పెరిగిపోయి ఉంటుంది. తాజాది కావాలి. ఎక్కడ తెస్తారండీ?

అసలు అంత రక్తం ఎందుకు? అయిదు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేదే సుమారు 400 మి.లీ. ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ గొట్టాలు నింపడానికి ఇంకో 400 మి.లీ. ద్రవం పడితే, 11 ఉన్న హిమోగ్లోబిన్ అయిదున్నరకు దిగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికే దాత రక్తం. నింపేది 120 మి.లీ.కి తగ్గిస్తే ఎనిమిదికి పైనే నిలుస్తుంది. బెర్లిన్‌లోని జర్మన్ హార్ట్ సెంటర్ వైద్యులు చిన్న శిశువులకూ ఇలా చేసి చూపారు.

పావు అంగుళం గొట్టం మీటరుకు 32 మి.లీ. తాగుతుంది, 3/16 అంగుళానిది 18 మాత్రమే. పంపును టేబుల్ పక్కకే జరిపితే పొడవూ తగ్గుతుంది. సన్న గొట్టంలో రక్తం దానంతటది సరిగా దిగదు, వాక్యూమ్ పెట్టాలి. వాక్యూమ్ ఎక్కువైతే గాలిబుడగలు వస్తాయి, అందుకే చేయి తిరిగిన పర్ఫ్యూజనిస్టు (ఈ మెషీన్ నడిపేవారు) ఉండాలి. చివర్లో ఫిల్టరుతో పది పదిహేను నిమిషాలు రక్తంలోని అదనపు నీరు లాగేయాలి. ఐసీయూలో పరీక్షకు రక్తం రెండేసి మి.లీ. చొప్పున ఎనిమిదిసార్లు తీస్తే బిడ్డ రక్తంలో నాలుగు శాతం పోయినట్టే. చిన్న ట్యూబులిప్పించండి.

రక్తంలో లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలడం లేదనడానికి గుర్తు) పెరుగుతున్నా, మెదడుకు ఆక్సిజన్ తగ్గుతున్నా రక్తం ఎక్కించాల్సిందే. బిడ్డ రక్తంతో సరిపోతుందని పరీక్షించిన (క్రాస్‌మ్యాచ్ చేసిన) రక్తం యూనిట్ పక్కన ఉండాల్సిందే. అందులో మాకు రెండో మాట లేదు.

మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది, ఆపరేషన్‌కు ముందే బిడ్డ హిమోగ్లోబిన్‌ను పెంచే ఐరన్ సంగతి. అంగన్‌వాడీలో జబ్బు బయటపడిన రోజుకూ ఆపరేషన్ తేదీకీ మధ్య వారాలు గడుస్తాయి. కిలోకు రోజుకు 3 మి.గ్రా. చొప్పున ఐరన్ చుక్కలు, పాలతో కలపకుండా, ఆ వారాల్లో పడితే చాలు. ఆ కాలమంతా వృథా పోతోంది. పెదాలు నీలంగా మారే పిల్లలకైతే హిమోగ్లోబిన్ 14 కనిపించినా లోపల ఐరన్ లోటు ఉండొచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడందే తెలియదు. "బాగానే ఉంది" అని రాసి పంపేస్తే ఎలాగండీ?

దయచేసి ఐరన్ చుక్కలు, ఫెరిటిన్ పరీక్ష జబ్బు గుర్తించిన రోజే మొదలయ్యేలా ఉత్తర్వు ఇవ్వండి. చిన్న సర్క్యూట్‌కు (పైన చెప్పిన సన్న, పొట్టి గొట్టాల అమరికకు), ఫిల్టరుకు ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలో విడిగా డబ్బు చూపండి. పర్ఫ్యూజనిస్టులకు శిక్షణ ఇప్పించండి. ఈసారైనా మెసేజ్ కాదు, ఉత్తర్వు కావాలి.

ఇట్లు,
పిల్లల గుండె ఆపరేషన్లలో పనిచేసే పర్ఫ్యూజనిస్టులు, నర్సులు
నెల్లూరు జిల్లా